మూడో పిలుపు

వేసవి సెలవులంతా తాళం వేసి ఉన్న క్లాసురూము తలుపు తీయగానే ఒక వాసన వస్తుంది. పావురాల రెట్ట, తడిసిన సున్నం, పాత సుద్దముక్కలు అన్నీ కలిసిన వాసన. ఈ ఉదయం కూడా అదే వచ్చింది. బయట సన్నగా వాన పడుతోంది. నేను పాఠాలు చెప్పే కాలేజీలో వానాకాలం సెమిస్టర్‌కు ఇది మొదటి రోజు. చేతిలో ఫోను ఊరికే మోగుతోంది. మా యూనివర్సిటీ కాలేజీ గ్రూపులో అన్నీ వార్తలే. కొత్త కోర్సు మొదలైందట, హాస్టల్లో బోరుకు నీళ్లు పడ్డాయట, లైబ్రరీ పైకప్పు కారడం ఆగిందట. ఈ చివరిది నేను నమ్మను. అన్నిటికీ కింద ఆఫీసు వాళ్ల మాట ఉంది: ఈ సాయంత్రంలోగా రిపోర్ట్ చేయని పిల్లల పేర్లు తీసేస్తాం. ఆ వాసన తగిలి, ఆ మాట కంట పడేసరికి సుగుణ మేడం గుర్తొచ్చారు. ఆమె పోయి రెండేళ్లు దాటింది. అయినా సెమిస్టర్ మొదటి రోజున ఆమె ఈ గదిలో లేరని నేను గట్టిగా చెప్పలేను.

ఆమెను చూడనివాళ్లకు కాస్త చెప్పాలి. పూర్తి పేరు మేరీ సుగుణ. దేవరకొండ వైపు పల్లె. సెంటు భూమి లేని ఇల్లు. అమ్మానాన్నలు కాల్వ పనులకు తిరిగిన మనుషులు. ఇదే గదిలో మాకు ఎం.ఏ.లో ఎకనామిక్స్ చెప్పేవారు. గంజి పెట్టిన నేత చీర, చేతికి మగవాళ్లు పెట్టుకునే పెద్ద గడియారం, గుక్కెడు నీళ్లు తాగి గొంతు సవరించుకున్నా పోని బొంగురు. మంచి మనిషే కానీ మెత్తని మనిషి కాదు. అబద్ధం చెప్పిన పిల్లవాణ్ణి ఏడిపించేదాకా వదిలేవారు కాదు. నేను కాలేజీలో చేరగానే నా పేరు అంజలి అని చెప్పుకున్నాను. ఆమె ఒప్పుకోలేదు. "సర్టిఫికెట్ల అంజమ్మ అని ఉన్నది గద. గంత మంచి పేరుకు ఏం రోగమొచ్చింది?" అన్నారు. చివరిదాకా అలాగే పిలిచారు.

నేను ఆమె నోట మొదటిసారి విన్న మాట కూడా ఆ పేరే. హాజరు పిలుస్తున్నారు. తల రిజిస్టర్‌లోకి వంచి ఉండడంతో ముఖం కనిపించడం లేదు. "అంజమ్మ" అన్నారు. నేను పలకలేదు. మళ్లీ అన్నారు. పలకలేదు. కల్వకుర్తి పక్కన మా ఊళ్లో మా అవ్వ నన్ను అలా పెంచింది. ముఖం కనపడకుండా ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మొదటిసారి పలకకూడదు, రెండోసారి కూడా పలకకూడదు. దయ్యం రెండుసార్లే పిలుస్తుందట. మూడోసారి పిలిచే ఓపిక మనుషులకే ఉంటుందట. మా అవ్వ ఆడబిడ్డ ఒకామె పశువుల కొట్టంలో ఉండి మొదటి పిలుపుకే "ఆఁ" అని పలికి, ఆ నెలలోనే చిక్కి శల్యమై పోయిందని మా ఇంట్లో చెప్పుకునేవారు. అది విన్న పిల్లకు ఎం.ఏ. సీటు వచ్చినంత మాత్రాన భయం పోతుందా? మూడోసారి పిలిచాకే లేచాను.

"చెవులు ఊర్లె పెట్టొచ్చినవా బిడ్డా?" అన్నారు మేడం.

"కాదు మేడం. మూడోసారికే పలకాలని మా అవ్వ చెప్పింది. దయ్యం రెండుసార్లే పిలుస్తదట."

క్లాసంతా పగలబడి నవ్వింది. సిగ్గుతో నాకు నేలలోకి కుంగిపోవాలనిపించింది. మేడం మాత్రం నవ్వలేదు. కళ్లజోడు తీసి నన్ను కాసేపు చూశారు. "అంటే నేను మనిషినో కాదో చూసుకున్నవన్నట్టు. మీ అవ్వకు నా దండాలు చెప్పు. ఇయ్యాల్టి సంది అందరిని మూడుసార్లు పిలుస్త. పిలువలేదు మేడం అని తర్వాత ఎవడన్న అన్నడో, చెవు పిండుత." అంతే, అది ఆమె పద్ధతి అయిపోయింది. పక్క డిపార్ట్‌మెంట్ల వాళ్లు వెక్కిరించినా మానలేదు.

హాస్టల్లో నా గదిలో ఉండే పిల్ల పేరు బాలమణి. వాళ్ల అమ్మానాయినలు పూణేలో బిల్డింగు పనుల్లో ఉండేవారు. మొదటి సంవత్సరం పరీక్షలు అయ్యాక, తమ్ముణ్ణి, చెల్లెను చూసుకోవడానికి ఆమె కూడా అక్కడికి వెళ్లింది. మళ్లీ కాలేజీ తెరిచే వేళకు రాలేదు. ఫోను చేస్తే కలవదు. అక్కడెక్కడో గోడ కూలి మన పాలమూరు వాళ్లు పోయారని బస్సులో ఎవరో అనుకున్నారని ఒక పిల్ల హాస్టల్‌కు మోసుకొచ్చింది. బాలమణి మంచం మీద ఆమె దుప్పటి మడత పెట్టినట్టే ఉంది. దాని వైపు వీపు పెట్టి పడుకోవడం కూడా నా వల్ల కాలేదు.

సెమిస్టర్ మొదటి రోజు మేడం హాజరు పిలుస్తూ ఆ పేరు దగ్గరకు వచ్చారు. "బాలమణి." ఎవరూ కదలలేదు. "బాలమణీ." కరెంటు లేదు, ఫ్యాను ఆగి ఉంది. కిటికీ రెక్క మీద పావురం ఒకటి కువకువలాడి ఊరుకుంది. మేడం తల ఎత్తి, ఎప్పుడూ బాలమణి కూర్చునే కిటికీ పక్క బెంచీ వైపు చూస్తూ మూడోసారి పిలిచారు.

"వచ్చిన మేడం."

గట్టిగా కాదు. మెట్లు ఎక్కి వచ్చిన మనిషి రొప్పుతూ అన్నట్టు. ముందు బెంచీల వాళ్లు వెనక్కి తిరిగారు, వెనక వాళ్లు ముందుకు వంగారు. అందరూ చూసింది ఆ ఒక్క బెంచీనే. అక్కడ ఎవరూ లేరు. నా పక్కనున్న పిల్ల నా చెయ్యి గోళ్లు దిగేలా పట్టుకుంది. మేడం పెన్ను గాలిలో ఆగింది. తర్వాత నిదానంగా దించి, హాజరు వేసి, తర్వాతి పేరు పిలిచారు.

క్లాసు అయ్యేసరికి ఆఫీసు సూపరింటెండెంటు తలుపు దగ్గర నిలబడ్డాడు. "మేడం, గా బాలమణి పేరు తీసెయ్యాలె. మంచం ఇంకొకరికి ఇయ్యాలె."

"తియ్యొద్దు. పలికింది."

"యాడున్నది మరి?"

"యాడున్నదో నాకు తెల్వదు. పలికింది. గింతమంది విన్నరు, అడుగు."

ఆయన మా ముఖాలు చూశాడు. నవ్వు ముఖం ఒక్కటీ కనపడలేదు. ఖాళీ బెంచీ వైపు చూసి, వెళ్లిపోయాడు. ఆ ఏడాదంతా మా క్లాసుకు ఒంటరిగా రాలేదు. బాలమణి పేరు మాత్రం నిలిచింది.

నేను ఉండబట్టలేక వరండాలో మేడం వెంట పడ్డాను. "మేడం, మీరు నిజంగ విన్నరా?"

"నువ్వు వినలేదా?"

"విన్న."

"మరి నన్నడుగుతవేంది?" అన్నారు. నాలుగు అడుగులు వేశాక ఆగి, నా వైపు చూడకుండానే చెప్పారు. "మా తమ్ముడు ఎలీషా. చిన్నగున్నప్పుడు మావోళ్ల ఎంబడి కాల్వ పనికి పోయిండు. వచ్చేసరికి బడిల పేరు తీసేసిన్రు. పేరు లేనోనికి జాగ లేదన్నరు. మళ్ల పోయిండు. ఇంక రాలే. గప్పుడు వాన్ని ఎవ్వరు పిలువలే బిడ్డా." ఆ బొంగురు గొంతు అంత సన్నగా అవడం నేను అంతకు ముందు వినలేదు. ఆ రోజు నుంచి ఆమె అంటే భయం తగ్గింది. ఆమె పిలుపు అంటే మాత్రం పెరిగింది.

పెత్రమాసకు, అంటే పోయిన పెద్దలకు బియ్యమిచ్చే అమావాస్యకు, వలస వెళ్లినవాళ్లు కొందరు ఊరికి వస్తారు. అలా వచ్చిన చుట్టాల వెంట బాలమణి వచ్చింది. ఒట్టి ఎముకల గూడు. గదిలోకి రాగానే దుప్పటి అంచు పట్టుకుని ఏడ్చింది. నాయిన కాలు విరిగి మంచాన పడితే ఆయన బదులు తట్ట మోసిందట. ఫోను పోయిందట. చదువు అయిపోయినట్టే అనుకుందట.

"మరెట్ల వచ్చినవే?" అన్నాను.

"ఒకనాడు పొద్దుగాల ఇసుక తట్ట పట్టుకొని పైకెక్కుతున్న. ఎవరో బాలమణీ అన్నరు. మీ అవ్వ మాట యాదికొచ్చి పలకలే. మళ్ల అన్నరు. పలకలే. మూడోసారి అనంగనే తట్ట ఇడిసిపెట్టి, వచ్చిన మేడం అన్న. అందరు నా మొకమే చూసిన్రు."

నేను వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను.

"మా అమ్మ గడగడ వణికింది. నా బిడ్డను ఎవరో పిలుస్తున్నరు, గీ జాగ మంచిది కాదు, పిల్లను పంపియ్యుర్రి అని మొత్తుకున్నది. చదువుకు పోత అని ఎన్నిసార్లన్నా ఇననోళ్లు, గాలి సోకిందని పంపిన్రు."

అది ఏ రోజని నేను అడగలేదు. అడిగితే చెప్పేస్తుందేమోనని భయం. మర్నాడు క్లాసులో మేడం ఆమె పేరు పిలిచారు. మొదటి పిలుపుకే బాలమణి లేచి నిలబడింది. మేడం ఏమీ అడగలేదు. "కూసో. పోయిన పాఠాలు అంజమ్మతోని చెప్పించుకో" అని మాత్రం అన్నారు. కళ్లజోడు తుడిచిందే తుడుస్తూ చాలాసేపు ఉన్నారు.

బాలమణి ఇప్పుడు నందికొండలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెబుతోంది. మేడం పోయినప్పుడు ఇద్దరం కలిసే వెళ్లాం. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక, పెట్టె మూత వేయబోతుంటే బాలమణి వంగి "మేడం" అంది. ఏడుస్తూ మళ్లీ "మేడం" అంది. మూడోసారికి నోరు తెరిచేసరికి నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. నా కళ్లలోకి చూసి నోరు మూసుకుంది. మేము భయపడింది ఆమె పలకరేమోనని కాదు. పలుకుతారని ఇద్దరికీ తెలుసు.

ఈ రోజు నా క్లాసులో రాని పిల్ల పేరు శివలీల. సాయంత్రానికి ఆఫీసు వాళ్లు ఆ పేరు తీసేస్తారు. ఇంటిల్లిపాదీ ఇటుక బట్టీకి వెళ్లారని పక్క ఊరి పిల్లవాడు చెప్పాడు. మూడుసార్లు పిలిచాను. ఎవరూ పలకలేదు. చివరి బెంచీ వైపు చాలాసేపు చూశాను. పాఠం ఏదో చెప్పాననిపించుకుని వరండాలోకి వచ్చాను. వాన వెలిసింది. చూరు నుంచి చుక్కలు పడుతున్నాయి.

"అంజమ్మా."

కాలేజీలో అందరికీ నేను అంజలి మేడంనే. అవ్వ ఎప్పుడో పోయింది. బాపు నన్ను అంజీ అంటాడు. ఆ పేరును పూర్తిగా, ఆ బొంగురు గొంతుతో పిలిచే మనిషి ఒక్కరే. వరండా ఈ చివర నుంచి ఆ చివరదాకా ఖాళీగా ఉంది. పలకొద్దని అవ్వ చెప్పినట్టే నా నాలుక బిగుసుకుంది. కానీ ఆనాడు పెట్టె దగ్గర ఆమెకు మూడో పిలుపు దక్కకుండా చేసింది నేనే. ఆమె దగ్గర మూడు పిలుపులు ఏ ముఖం పెట్టుకుని అడగను? మొదటి పిలుపుకే పలికితే వెంట తీసుకుపోతారంటారు. సుగుణ మేడం తీసుకుపోతే ఎక్కడికి తీసుకుపోతారు, క్లాసుకే కదా.

"వచ్చిన మేడం" అన్నాను.

వెనక్కి తిరిగి గదిలోకి వెళ్లాను. పిల్లలు సంచులు సర్దుకుంటున్నారు. కూర్చోమన్నాను. మేడం కూడా ఎన్నడూ చేయని పని చేశాను. ఈ గోడలు దాటి, గుట్టలు దాటి, ఆ పిల్ల ఎక్కడ ఇటుకలు మోస్తోందో అక్కడిదాకా వినపడేటట్టు, శివలీల పేరు నాలుగోసారి పిలిచాను.