ఎత్తు మీద మూడో పాట

నా డ్రైవింగ్ స్కూలు కారులో ఒకటే ఆల్బం మోగుతుంది. స్కూలు పెట్టినప్పటి నుంచీ అదే. మా నాన్న కుర్రాడిగా ఉన్న రోజుల్లో అమెరికాలో ఒక నల్లజాతి గాయకుడు పాడిన, సోల్ అనే బాణీ పాటలు, మొత్తం తొమ్మిది. ఇదేదో నా అభిరుచి గొప్పతనం అనుకునేరు. శంషాబాద్‌లో నేను మొదట కొన్న సెకండ్‌హ్యాండ్ కారు టేప్‌లో ఆ క్యాసెట్ ఇరుక్కుపోయి ఉంది. బయటికి రాదు, నోరు మూయదు. తాళం తిప్పితే చాలు, ఆయన అందుకునేవాడు. మొదటి నెల తిట్టుకున్నాను. రెండో నెల తిట్టడం మానేశాను. మూడో నెలలో ఒకరోజు టేప్ మొరాయిస్తే ఇంజనే పోయినంత కంగారుగా మెకానిక్ దగ్గరికి పరుగెత్తాను.

ఆ కారు తుక్కు కిందకి పోయేముందు టేప్ విప్పించి క్యాసెట్ బయటికి తీయించాను. పైన కాగితం అరిగిపోయి పేరు లేదు. అప్పట్లో నా దగ్గర నేర్చుకుంటున్న ఎయిర్‌పోర్టు ఉద్యోగిని ఒకామె ఆ పాటలేవో కనిపెట్టి, తొమ్మిదీ పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చింది. పేరు కూడా చెప్పింది గానీ మాకవి ఎప్పటికీ కారు పాటలే.

ఆ ఆల్బంలో ఎవరికీ తొందర లేదు. డ్రమ్ము కొట్టేవాడు ఇంకెక్కడికీ వెళ్లే పని లేనట్టు కొడతాడు. పాడేవాడు ఏదో పెద్ద బాధలో ఉన్నాడు. మాటలు నాకు సగం అర్థం కావు గానీ, ఆ బాధతోనే నిలబడి పాడుతున్నాడని ప్రతిసారీ తెలుస్తుంది. కొత్తగా స్టీరింగ్ పట్టినవాళ్లని చెడగొట్టేది తొందరే కాబట్టి, నేను ఆయన్ని నాతోపాటు మాస్టారుగా పెట్టుకున్నాను. మొదటి పాటకి కారు కదపడం, రెండో పాటకి గేర్లు, మూడో పాటకి ఎత్తు.

ఎత్తు మీద ఆగిన కారుని వెనక్కి జారకుండా ముందుకు తీయడమే నేర్చుకునేవాళ్లందరికీ గండం. హ్యాండ్‌బ్రేక్ లాగి, క్లచ్ మెల్లగా వదులుతుంటే ఒకచోట కారు ముక్కు లేచి వణుకుతుంది. అక్కడ కాలు బిగపట్టి, అప్పుడు హ్యాండ్‌బ్రేక్ దించాలి. మూడో పాటలో సరిగ్గా అలాంటి చోటొకటి ఉంది. వాయిద్యాలన్నీ ఆగిపోతాయి, ఆయన ఒక్క ముక్క అంటాడు, నిశ్శబ్దం. తర్వాత వెనకున్న ఆడవాళ్లు చప్పట్లతో అందుకుంటారు. "ఆడవాళ్లు అందుకునేదాకా హ్యాండ్‌బ్రేక్ వదలొద్దు" అనేది నా పాఠం. ఇన్నేళ్లలో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. నా కాలు మాత్రం ఎప్పుడూ నా వైపు ఉండే రెండో బ్రేకు మీదే ఉండేది. పాటని నమ్ముతాను గానీ మనుషుల్ని నమ్మను.

కిందటేడు నా దగ్గరికి ఒక పల్లెటూరి ఆవిడ వచ్చింది, ముప్పై ఐదేళ్లుంటాయి. భర్త ఎయిర్‌పోర్టు క్యాబ్ నడిపేవాడు. షుగర్ ఆయన కళ్లని తినేసింది. కారు ఇంటి ముందు దుమ్ముకొట్టుకుని ఉంది. బాలాపూర్‌లో ఉండే మరిది ఒక మాట అన్నాడట: వదినకి లైసెన్సు వస్తే కారు వదినదే, రాకపోతే తాను పట్టుకుపోతాడు. ఆ కారు వెళ్లిపోతే ఆ ఇంటికి ఇంకో ఆధారం లేదు.

జల్‌పల్లి వైపు ఇంకా ఇళ్లు కట్టని వెంచర్లలో రోడ్లు ఖాళీగా ఉంటాయి. అక్కడ ఒక గుట్ట దారి మీదే మా ఎత్తు పాఠం. మొదటి రోజు కారు వెనక్కి జారితే అందరూ కేక పెడతారు, ఆవిడ నవ్వింది.

"ఎనకకు నడుసుడే నాకలవాటక్కా. నాట్లేసినదాన్ని గద."

మూడో పాట విని ఇంకో మాట కూడా అంది.

"గిది మా నాట్ల పాట లెక్కనే ఉన్నదక్కా. ఒకామె అంటది, మిగిలిన ఆడోళ్లందరు అందుకుంటరు. అందుకున్నంకనే కాలు తీసుడు. ముందుగాల తీస్తే వరుస ఖరాబైతది."

ఇన్నేళ్లు వింటున్న నాకు తట్టనిది ఆవిడకి ఒక్కసారికే తట్టింది. వారంలో ఎత్తు మీద కారుని అలవోకగా తీసేది. నేను మురిసిపోయాను, అదే నేను చేసిన తప్పు.

మొదటిసారి టెస్టుకి వెళ్తే పక్కన కూర్చున్న ఇన్‌స్పెక్టర్ మొదట చేసిన పని పాట ఆపేయడం. అది ఆయన డ్యూటీ, తప్పు పట్టడానికి లేదు. ఎత్తు మీద ఆవిడ ఆగింది. అందుకునేవాళ్లు లేరు. కారు వెనక్కి జారింది. ఫెయిల్.

కంచె అవతల నిలబడి చూసిన నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడకి నేను కారు నేర్పలేదు, పాట నేర్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మర్నాటి నుంచి పెన్‌డ్రైవ్ పీకేశాను. అప్పటికి లెర్నింగ్ లైసెన్సు గడువు వారమే ఉంది. రెండో టెస్టుకి దొరికిన తేదీ ఆ గడువు ఆఖరి రోజు. అది పోతే మళ్లీ మొదటికి, ఈలోగా కారు బాలాపూర్‌కి.

పాట లేకపోతే ఆవిడకి ఏదీ రాలేదు. ఇంజన్ ఆగేది, లేదా కారు జారేది. ఎండలో ఆ గుట్ట మీద మూడు రోజులు అదే తంతు.

"జర ఒక్కపారి పాట పెట్టక్కా."

"పెట్టను. రేపు ఇన్‌స్పెక్టర్ పెడతాడా?"

"పరేషాన్ గావట్టె అక్కా, కాలు అదురుతున్నది."

"కాలు కాదమ్మా, నీ బుర్ర! ఇన్నాళ్లు నేర్చుకుంది గాలికి పోయిందా?" అని అరిచాను. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. కోపం నా మీద, తిట్లు ఆవిడకి. ఆవిడ మళ్లీ పాట అడగలేదు, నాట్ల కబుర్లూ చెప్పలేదు.

టెస్టు రోజు ఉదయం పదకొండింటికి ఆవిడ వంతు వచ్చింది. అదే ఇన్‌స్పెక్టర్ ఎక్కాడు. ఎండకి అద్దాలు ఎత్తి ఏసీ వేసుకున్నారు. మరిది కూడా వచ్చాడు, నాకు నాలుగడుగుల దూరంలో కంచె పట్టుకుని. అతను చెడ్డవాడేమీ కాదు, కానీ చేతిలో వదిన ఇంటి నుంచి తెచ్చిన వాళ్ల క్యాబ్ రెండో తాళం ఉంది. ఫెయిలైతే అటునుంచటే వెళ్లి కారు తీసుకుపోతాడని అర్థమైంది.

ఎనిమిది అంకె ట్రాక్ బాగానే తిరిగింది. రివర్స్ తీసింది. ఇక ఎత్తు.

కారు సగం ఎక్కి ఆగింది. ఇన్‌స్పెక్టర్ చెయ్యి ఆగమన్నట్టు లేచింది, తర్వాత పొమ్మన్నట్టు దిగింది. కారు కదల్లేదు. వెనక లైన్లో ఎవరో హారన్ కొట్టారు. ముక్కు లేచింది, వణికింది, మళ్లీ కిందకి వంగింది. ఇంజన్ ఆగిపోయిందనుకున్నాను. మరిది "అయిపాయె" అన్నాడు. మళ్లీ ముక్కు లేచింది.

అప్పుడు నేను చప్పట్లు కొట్టాను. ఎందుకో అడగొద్దు, నాకే తెలియదు. బాత్రూంలో కూడా కూనిరాగం తీయని మనిషిని, ఆర్టీఏ ఆఫీసు కంచె దగ్గర, నాకర్థం కాని ఇంగ్లీషు ముక్కని గొంతెత్తి అందుకున్నాను. జనం తిరిగి చూశారు. మరిది రెండడుగులు పక్కకి జరిగాడు. సిగ్గు అనిపించలేదు, భయం ఒక్కటే ఉంది. రెండోసారి అందుకునేసరికి కారు ఎత్తెక్కి అవతలికి దిగిపోయింది. ఒక్క వేలెడు కూడా వెనక్కి రాలేదు.

ఇన్‌స్పెక్టర్ కాగితం మీద సంతకం పెట్టి నా దగ్గరికి వచ్చాడు. "లోపల ఆమె పాట, అద్దంలో చూస్తే బయట మీరు చప్పట్లు. ఏంటమ్మా ఇది, భజనా?" అన్నాడు. నవ్వాడో లేదో నాకు కనిపించలేదు, కళ్లనిండా నీళ్లున్నాయి. మరిది తాళం వదిన చేతిలో పెట్టాడు.

తిరుగు ప్రయాణంలో ఆవిడనే నడపమన్నాను. పెన్‌డ్రైవ్ నేనే పెట్టాను. మొన్న అరిచినందుకు ఏదో ఒకటి అనాలి, అనడం చేతకాక ఇంకేదో అడిగాను.

"నా చప్పట్లు వినిపించాయా?"

"అద్దాలు ఏసున్నయ్ గదక్కా, ఏం వినవడలే." సీటు బెల్టు పెట్టుకుంటూ నా వైపు చూసింది. "కని నువ్వు అందుకుంటవని ఎర్కనే."

ఎయిర్‌పోర్టు దారిలో వంతెన ఎక్కుతుంటే ట్రాఫిక్ ఆగింది. మేమూ ఎత్తు మీద ఆగాం. వెనక అంగుళం దూరంలో పెద్ద లారీ. మూడో పాట నడుస్తోంది, ఆయన ఆ ఒక్క ముక్క అన్నాడు. ఆవిడ ఆగింది. ఆడవాళ్లు అందుకున్నారు. కారు ముందుకు కదిలాక కిందకి చూసుకున్నాను. నా కాలు నా వైపు బ్రేకు మీద లేదు.