మామ్మగారు వదలని చెయ్యి

ఇలా దగ్గరికి జరగండమ్మా, ఒక సంగతి చెబుతాను.

అమెరికాలో, ఫ్రిస్కో ఊళ్లో మా అమ్మాయి ఇంట్లో, పక్కింటి మార్గరెట్ మామ్మగారికి టీ ఇస్తుంటే టోర్నడో సైరన్ మోగింది. తొంభై ఏళ్ల మనిషి, నన్ను మెట్ల కింద గదిలోకి లాక్కెళ్లింది.

"అయ్యో, స్టవ్ మీద పప్పు!" అని లేచాను.

"మాడనీ, కూర్చో!" అంటూ చెయ్యి గట్టిగా పట్టుకుంది. తర్వాత నాకర్థమయ్యేలా నిదానంగా చెప్పింది. ఇంగ్లండ్‌లో వాళ్లది సంత జరిగే చిన్న ఊరట. యుద్ధంలో సైరన్ మోగితే ఇలాగే మెట్ల కింద దాక్కునేవాళ్లట. "ఓసారి అమ్మ స్టవ్ ఆర్పొస్తానని వెళ్లింది. బాంబు పడింది. అప్పుడు చిన్నపిల్లని, ఆపలేకపోయాను. నిన్ను మాత్రం వదల్ను."

గాలి తగ్గాక చూస్తే వంటింటి కిటికీ పగిలి, పప్పు నిండా గాజుపెంకులు! అది పారబోసి, మళ్లీ వండి, ముందు ఆవిడకే వడ్డించాను.

మీ ఇంట్లోనూ అలా చెయ్యి పట్టి ఆపేవాళ్లు నిండు నూరేళ్లూ చల్లగా ఉండాలి తల్లీ.