జామకర్ర రోలరు

నా చిన్నప్పుడు మా వసారా గూట్లో ఒక తప్పుడు బొమ్మ ఇంజను ఉండేది. తప్పుడుదని ఎందుకంటున్నానంటే, ముందువైపు రెండు చక్రాలు ఉండాల్సిన చోట దానికి జామకర్రతో చెక్కిన రోలరు ఉండేది. ఆ తప్పు చేసింది మా పక్కింటి తాతయ్య. పట్టుకున్నది నేను. నాకప్పుడు పదకొండేళ్ళు. ఆ వయసుకే ఊళ్ళో అందరి తప్పులూ పట్టడం నాకు అలవాటైపోయింది. ఇప్పుడు డెబ్బై దాటినా ఆ అలవాటు పోలేదు.

మాది కొత్తపేట దగ్గర పల్లె. మా నాన్నకు చేలూ, కొబ్బరి దింపులూ తప్ప వేరే ధ్యాస ఉండేది కాదు. నా ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబు చెప్పే మనిషి ఇంట్లో మా బాబాయి ఒక్కడే. ఆయన ఓడ మీద ఇంజను గదిలో పనిచేసేవాడు. ఏడాదికోసారి సెలవు మీద వచ్చేవాడు. ఒకసారి వచ్చినప్పుడు ఇంగ్లీషువాళ్ళ సీమలో ఏదో రేవు దగ్గర దుకాణంలో కొన్నానంటూ ఒక అట్టపెట్టె తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. మూత మీద ఇంజను బొమ్మ. పొడుగాటి పొగగొట్టం, వెనక రెండు పెద్ద చక్రాలు, ముందు రెండు చిన్న చక్రాలు. ట్రాక్టర్లు రాకముందు ఆ దేశపు రైతులు బరువులు లాగడానికీ, నూర్పిళ్ళకీ వాడుకున్న ఆవిరి ఇంజను అదని నాకు చాలా తర్వాత తెలిసింది. పెట్టె తెరిస్తే ఇంజను లేదు. రేకు ముక్కలు, ఇత్తడి గొట్టాలు, ఆవగింజలకంటే రవ్వంత పెద్ద మరలు. అన్నీ మనమే బిగించుకోవాలట. బొమ్మ కొని తెచ్చి మళ్ళీ మనమే చేసుకోవడమేమిటని నాకు ఒళ్ళు మండింది.

రెండో రోజుకల్లా ఆ మంట చల్లారిపోయింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక బాబాయి వసారాలో చాప పరిచేవాడు. మరలు ఒక కొబ్బరి చిప్పలో, నట్లు ఒక చిప్పలో, ఇరుసులు ఇంకో చిప్పలో. ఇంగ్లీషు కాగితం చదివి తెలుగులో చెప్పేవాడు. అడిగినది వెతికి అందించడం నా పని. మా బాబాయి వేళ్ళు సన్నగా, పొడుగ్గా ఉండేవి. అంతంత చిన్న నట్టును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని ఆయన తిప్పుతుంటే నేను రెప్ప వెయ్యకుండా చూసేదాన్ని. నాకిస్తే గబగబా బిగించేసి రేకు నొక్కుకుపోయేలా చేసేదాన్ని. చివరి చుట్టు నెమ్మదిగా తిప్పాలే అని రోజుకు పదిసార్లు చెప్పేవాడు.

బాయిలరు అయింది. వెనక చక్రాలు అయ్యాయి. అంతలో ఓడ కంపెనీ నుంచి టెలిగ్రాం వచ్చింది. ఇంకా రెండు వారాల సెలవుండగానే బయలుదేరిపోవాల్సి వచ్చింది. సగం ఇంజనునీ, చిప్పల్నీ గూట్లో సర్దిపెట్టి, వచ్చే వరదల్లోపు వచ్చేస్తాననీ, మిగతాది అప్పుడు చేద్దామనీ చెప్పాడు. రేవు దాకా వెళ్ళి లాంచీ ఎక్కించి వచ్చాం. లాంచీ అవతలి గట్టు చేరేదాకా నేను కదల్లేదని, నాయనమ్మ రెక్క పట్టుకుని లాక్కొచ్చిందని మా అమ్మ చెప్పేది.

వరదలు వచ్చాయి, తీశాయి. బాబాయి రాలేదు. మొదట్లో ఉత్తరాలు వచ్చేవి, తర్వాత అవీ ఆగిపోయాయి. మా ఇంట్లో ఏం చేసుకున్నా బాబాయి వాటా తీసిపెట్టడం నాయనమ్మకు పట్టింపు. ఆవకాయ కలిపితే ఒక చిన్న జాడీ, తాండ్ర ఎండితే రెండు చాపలు, ఆఖరికి జున్ను కాచినా ఒక గిన్నె. జున్ను నిలవుండదు కాబట్టి సాయంత్రానికి అది నా పొట్టలోకే చేరేది. ఉత్తరాలు ఆగిపోయాక కూడా ఆ వాటాలు ఆగలేదు. ఎవరూ పైకి ఏమీ అనేవారు కాదు. పోస్టుమాను సైకిలు గంట వినిపిస్తే మాత్రం ఇంటిల్లిపాదీ మాటలు ఆపేసేవాళ్ళం.

ఇటు గూట్లో ఇంజనుకు తుప్పు మొదలైంది. వానాకాలం చెమ్మకు మరలు ఎర్రబడ్డాయి. ఇంకో ఏడాది ఇలాగే ఉంటే పనికి రాదని నాకు అర్థమవుతూనే ఉంది. పోనీ నేనే పూర్తిచేద్దామంటే చెయ్యాడేది కాదు. బాబాయి ఇక రాడని నేనే ఒప్పేసుకున్నట్టు అవుతుందని భయం. నాయనమ్మకూ అదే భయం. ఎవరు గూటి వైపు వెళ్ళినా, "ముట్టుకోకండి, వాడొచ్చాక వాడే చేసుకుంటాడు," అని కసిరేది. అలా మా ఇద్దరి భయం మధ్య ఆ ఇంజను తుప్పు పడుతూ కూర్చుంది.

ఇక పక్కింటి తాతయ్య సంగతి. ఆయన ముప్పయ్యేళ్ళు రోడ్డు రోలరు తోలి రిటైరయ్యాడు. బొగ్గు వేసి ఆవిరితో నడిపే పాతకాలపు రోలరు. ఊళ్ళో అందరూ ఆయన్ని రోలరు తాతయ్య అనే పిలిచేవారు. మా దొడ్డికీ వాళ్ళ దొడ్డికీ మధ్య తడికె ఒక్కటే అడ్డం. ఒకరోజు చుట్ట ముట్టించుకోవడానికి నిప్పు కోసం వచ్చి గూట్లో ఇంజను చూశాడు. చేతిలోకి తీసుకుని తుప్పును గోటితో గీకాడు. నిలబడ్డ ఇంజను నడిచే ఇంజనుకన్నా తొందరగా పాడైపోద్దమ్మా అన్నాడు నాతో. నాయనమ్మ కసరబోయింది. ఆయన ఆవిణ్ణి తడికె దగ్గరకు పిలిచి గొంతు తగ్గించి ఏదో చెప్పాడు. ఎన్ని చెవులు పెట్టినా నాకు వినపడలేదు. నాయనమ్మ పైటచెంగుతో కళ్ళు తుడుచుకుని, సరే కానీండి అంది. నేను ఆశ్చర్యపోయాను.

మర్నాటి నుంచి మళ్ళీ మధ్యాహ్నం చాప పరిచాం. కొబ్బరి నూనెలో నానబెట్టి, పీచుతో తోమి ఒక్కొక్క మరా శుభ్రం చేశాం. తాతయ్యకు ఇంగ్లీషు రాదు, కాగితం వైపు చూసేవాడు కూడా కాదు. ముక్కను చేత్తో తడిమి, ఇది ఫలానా చోటికి అనేవాడు. అది అక్కడే సరిగ్గా కూర్చునేది. బాయిలరు పక్కన తిరిగే చక్రం ఎక్కింది, గొలుసు పడింది, పొగగొట్టం నిలబడింది. చివరికి ముందు చక్రాలు మిగిలాయి. నేను వాటిని చిప్పలోంచి తీసి ఇస్తే ఆయన పక్కకు పెట్టేశాడు. జేబులోంచి జామకర్రతో చెక్కిన రోలరు తీశాడు. మూడు రోజుల నుంచి చెక్కుతున్నాడట.

నేను ఊరుకుంటానా? అట్టపెట్టె మూత తెచ్చి మొహం మీద పెట్టాను. ఇక్కడ చక్రాలున్నాయి, రోలరు లేదు, నీకు కళ్ళు కనబడవా అన్నాను.

"ఆయ్, కనపడతన్నాయమ్మా," అన్నాడు తాతయ్య, చుట్ట తీసి. "ఆ బొమ్మ గీసినోడు ఎప్పుడైనా రోలరు తోలేడేంటి? ముందు రోలరు లేపోతే రోడ్డు ఎలాగ అణుగుద్ది?"

మా ఊరి రోడ్డు మీద ఆవిరితో నడిచినది ఏదైనా ఉందంటే అది రోలరే. ఊళ్ళో ఎవరిని అడిగినా తాతయ్య చెప్పిందే నిజమన్నారు. మా నాన్న కూడా అదే మాట. రోలరు బిగించేశాక ఆ రెండు చక్రాల్నీ, వాటి నట్లనీ పాతగుడ్డలో మూటకట్టి, ఇవి మిగిలినవి, జాగ్రత్త చెయ్యి అని తాతయ్య నా చేతిలో పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ కోపంలోనే బాబాయికి ఉత్తరం రాశాను. తాతయ్య మన ఇంజను తగలేశాడు, ఎవరూ నా మాట వినడం లేదు, నువ్వే వచ్చి సరిచెయ్యాలి అని. క్షేమసమాచారం కూడా అడగలేదు. కంపెనీ చిరునామాకు పోస్టు చేసి ఊరుకున్నాను.

నాలుగు నెలలకు బాబాయి వచ్చాడు. చెప్పాపెట్టకుండా లాంచీ దిగి నడుచుకుంటూ వచ్చాడు. కుడిచేతికి తువ్వాలు చుట్టి ఉంది. నాయనమ్మ ఆ తువ్వాలు విప్పి చూసింది. ఓడ ఇంజనులో చెయ్యి పడి మూడు వేళ్ళు పోయాయి. బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి. ఉత్తరాలు ఎందుకు ఆగాయో అప్పుడు తెలిసింది. రాసే చెయ్యి పోయింది. ఇంకొకరి చేత రాయించడానికి మనసు రాలేదు.

మనిషి వచ్చాడు గానీ మా బాబాయి రాలేదనిపించింది నాకు. ఎవరైనా పలకరించడానికి వస్తే చెయ్యి తువ్వాలు కిందకు లాక్కునేవాడు. నాయనమ్మ తీసిపెట్టిన ఆవకాయ జాడీ తెరిచి అన్నం కలిపి ముద్దలు చేసి పెడితే, ఎడమచేత్తో తినడం ఎవరైనా చూస్తారేమోనని గోడ వైపు తిరిగి తినేవాడు. గూటి వైపు కన్నెత్తి చూడలేదు. వారం రోజులు అలాగే గడిచాయి. నాకసలే ఓపిక తక్కువ. ఎనిమిదో రోజు ఇంజను తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టి, చూడు, రోలరు తాతయ్య చేసిన నిర్వాకం అన్నాను.

బాబాయి దాన్ని చూశాడు. ఇటు తిప్పి చూశాడు, అటు తిప్పి చూశాడు. ఒక్కసారిగా పకపకా నవ్వాడు. "ఇదేంటే! మహారాజులాంటి ఇంజన్ని రోడ్డు రోలరు చేసిపారేసేరూ!" వంటింట్లోంచి నాయనమ్మ పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. రెండేళ్ళ తర్వాత ఆ ఇంట్లో అది మొదటి నవ్వు.

మూట విప్పి చక్రాలు ఇచ్చాను. బాబాయి ఎడమచేత్తో మొదలుపెట్టాడు. రోలరు నట్టు ఊడదీయడానికే చాలాసేపు పట్టింది. జారిపోయింది, మంచం కిందకు దొర్లింది, వంగి తీసుకున్నాడు. మళ్ళీ జారింది. నేను ఉండలేక చెయ్యి చాచి లాక్కోబోయాను. అప్పుడు తడికె అవతల నుంచి ఒక దగ్గు వినిపించింది. తాతయ్య ఎప్పటి నుంచి చూస్తున్నాడో.

"అమ్మాయ్, చేతులు ఎనక్కెట్టుకో," అన్నాడు.

ఆ గొంతులో వేళాకోళం లేదు. నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. నా జీవితంలో అంత కష్టమైన పని మళ్ళీ చెయ్యలేదు. బాబాయి నుదుటి మీద చెమట కారుతోంది. మిగిలిన ఆ రెండు వేళ్ళతో ఇరుసును అదిమిపట్టి, ఎడమచేత్తో నట్టు తిప్పాడు. చివరి చుట్టు నెమ్మదిగా తిప్పాడు. రెండు చక్రాలూ ఎక్కేసరికి ఎండ వసారా దాటిపోయింది. ఇంజన్ని చాప మీద పెట్టి తోస్తే నాలుగు చక్రాల మీదా నడిచింది. ఆయన తువ్వాలు మంచం మీదే ఉండిపోయింది. మళ్ళీ చేతికి చుట్టుకోలేదు.

మర్నాడు నేను తాతయ్యను దెప్పడానికి జామకర్ర రోలరు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన తాపీగా చుట్ట కాలుస్తూ, "ముప్పయ్యేళ్ళు తోలినోణ్ణి. రోలరుకీ బండికీ తేడా నాకు తెలవదనుకున్నావా, పిచ్చిమొహమా?" అన్నాడు. ఇంటికొచ్చి నాయనమ్మను నిలదీస్తే తడికె దగ్గర మాట చెప్పింది. ఇంజను పాడవకుండా పూర్తిచేస్తాం గానీ, ఆడి వాటా పని మాత్రం ఉంచుతానండి అక్కయ్యగారూ అన్నాడట. ఊరందరి చేతా తాతయ్య మాటే నిజమనిపించింది కూడా ఆవిడే. ఆవకాయకూ తాండ్రకూ వాటా తీయడం మాకు తెలుసు. పనిలో కూడా వాటా తీసిపెట్టొచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

చాలా ఏళ్ళ తర్వాత, నా పెళ్ళి కుదిరిన రోజుల్లో, బాబాయి ఒక మాట చెప్పాడు. ఆ చేత్తో ఇంటికి రావడం ఇష్టంలేక బొంబాయిలో ఏదో మెస్సులో గిన్నెలు కడుక్కుంటూ ఉండిపోవాలనుకున్నాడట. కంపెనీ నుంచి తిరిగి తిరిగి నా ఉత్తరం అక్కడికి చేరింది. "నేను చెయ్యాల్సిన పని ఇంకా ఉందని రాసింది నువ్వొక్కదానివేనే," అన్నాడు. నేను రాసింది తాతయ్య మీద చాడీ మాత్రమే. ఆ మాట ఆయనకు చెప్పలేకపోయాను.

బాబాయి తర్వాత కొత్తపేటలో సైకిలు షాపు పెట్టాడు. ఎడమచేత్తోనే ఎన్ని చక్రాలు బిగించాడో లెక్కలేదు. రోలరు తాతయ్య పోయాడు, నాయనమ్మ పోయింది, రెండేళ్ళ క్రితం బాబాయీ పోయాడు. ఇంజను నా దగ్గరకు వచ్చింది. ఇంట్లో అందరి పనులూ లాక్కుని చేసే మనిషిగా నాకు పేరు. అయినా ఎవరైనా తడబడుతూ ఏదైనా చేస్తుంటే నా చేతులు వాటంతట అవే వెనక్కి పోతాయి. అప్పుడప్పుడూ చేసుకున్నది కొంచెం పక్కన తీసిపెడతాను, ఎవరికో నాకే తెలియకుండా.

మొన్న దుమ్ము దులుపుతుంటే ఇంజను ముందు చక్రం ఒకటి ఊడి కింద పడింది. నట్టు అరిగిపోయింది. మా అబ్బాయి చూసి, ఇలా ఇవ్వమ్మా, రెండు నిమిషాల్లో అతికించేస్తా అన్నాడు. వద్దన్నాను. ఆ చక్రాన్నీ నట్టునూ కొబ్బరి చిప్పలో వేసి, జామకర్ర రోలరు పక్కన, ఇంజను దగ్గరే పెట్టాను. చేసేవాడు ఇక రాడని నాకు తెలుసు. అయినా చేతులు వెనక్కి పెట్టుకున్నాను. అది మా బాబాయి వాటా.