పదకొండు సెకన్ల వేదాంతం

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను మూర్ఖుణ్ణి. ఎవరో అనకముందే మనం అనేసుకుంటే కాస్త మర్యాదగా ఉంటుంది. అందులోనూ మామూలు మూర్ఖుణ్ణి కాను. చదివి, ఆలోచించి, కింద ఎర్రసిరాతో గీతలు గీసుకుని మరీ ముప్పై ఏళ్ళు క్రమశిక్షణతో సాధించిన మూర్ఖత్వం నాది. అది నాలుగేళ్ళ క్రితం సైనిక్‌పురిలో, ఒక ఆదివారం పొద్దున్న, నిండు సభలో, మైకు ముందు పగిలింది. ఆ పెంకులు ఇప్పటికీ ఏరుకుంటున్నాను. కోపం మాత్రం చల్లారలేదు. కోపం నా మీద కాదు లెండి. నా మీద కోప్పడే పని మా ఇంట్లో వేరేవాళ్ళు చూసుకుంటారు.

ఎల్లయ్యగారి గురించి మా వయసువాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. గిటారుకీ డప్పుకీ పెళ్ళి చేసి, ఒకే పాటలో కాపురం పెట్టించిన మనిషి ఆయన. రైల్వేలో ఫిట్టరుగా పనిచేస్తూ, తన పాటలు తనే రాసుకుని, తనే కట్టి, తనే పాడి, ఐదు ఆల్బమ్‌లు తెచ్చారు. మొదటిది వచ్చినప్పుడు సంగీతం మాస్టార్లు అది గోల అన్నారు. పల్లెపాటల వాళ్ళు అది ఇంగ్లీషు అన్నారు. ఇంగ్లీషు పాటలవాళ్ళు అది డప్పు అన్నారు. ఇవాళ ఆ ముగ్గురి మనవలూ చెవుల్లో పుల్లలు పెట్టుకుని అవే పాటలు వింటూ మెట్రోలో తలలూపుతున్నారు.

ఆ ఐదింటిలో నా కొంప ముంచింది మూడోది, ‘తుమ్మముల్లు’. అందులో ఆఖరి పాట రైలు గురించి. ‘ఎక్కినోడు ఎక్కిపాయె, దిగినోడు దిగిపాయె, నిలవడ్డోని పేరేందిరా’ అని పాడి ఎల్లయ్యగారు ఠక్కున ఆగిపోతారు. గిటారు ఆగుతుంది, డప్పు ఆగుతుంది. సరిగ్గా పదకొండు సెకన్లు. తర్వాత డప్పు విరుచుకుపడి పాట మళ్ళీ అందుకుంటుంది.

నా క్యాసెట్‌లో మాత్రం ఆ పదకొండు సెకన్లు ఖాళీగా లేవు. ఎక్కడో దూరంగా ‘సుయ్‌య్‌య్’ మని ఒక కూత. దాని వెనకే ఒక ఆడగొంతు, గుండెలోంచి వచ్చినట్టు: ‘మూడైనయ్! ఇప్పుడన్న లేవనియ్యుండ్రి!’

మీకు అప్పుడే అర్థమైపోయి ఉంటుంది. మీరు నా అంత చదువుకోకపోవడం మీ అదృష్టం.

ఆ క్యాసెట్ నాకు ఇచ్చింది యాదగిరి. డిగ్రీలో నా బెంచీ. యాప్రాల్‌లో వాళ్ళ ఇల్లు. అసలు క్యాసెట్ వాళ్ళ మేనమామది. ఆయన దాన్ని గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. నేను బోయిగూడలో కామెర్లతో పసుపుకొమ్ములా పడుకుని ఉంటే, యాదగిరి జాలిపడి ఒక నకలు దించి తెచ్చాడు.

“ఎలా దించావురా?” అని అడిగాను.

“నీకెందుకు బై? మస్తుగ దిగింది. ఇను, పండు.”

ఆ ప్రశ్న రెండోసారి అడిగి ఉంటే ఇవాళ ఈ వ్యాసం ఉండేది కాదు. నేను లేచి తిరిగేసరికి మేనమామగారికి బదిలీ అయింది, క్యాసెట్‌ల కంపెనీ మూతపడింది, ‘తుమ్మముల్లు’ అంగట్లో కరువైంది. నా దగ్గరున్నదే వేదం.

వేదం అన్నాక భాష్యం ఉండాలి కదా! నేను రాశాను. ఆ కూత వలసకూలీల రైలు కూత. ‘మూడైనయ్’ అంటే మూడు తరాలు అయిపోయాయని. ‘ఇప్పుడన్న లేవనియ్యుండ్రి’ అంటే, అయ్యో, ఇంకా చెప్పాలా? తరతరాలుగా కూలబడ్డ జనం లేస్తామంటున్నారు! దీని మీద చిన్న పత్రికలకి ఆరు వ్యాసాలు రాశాను. ఆ ఆల్బమ్ విననివాళ్ళు చదివి, విన్నట్టు తలలూపారు. “ఆ కూత నాకూ గుర్తేనండీ, ఒళ్ళు జలదరిస్తుంది” అని ఉత్తరాలు కూడా రాశారు. నేను పట్టిన కుందేలుకి మూడే విజిళ్ళని లోకం ఒప్పేసుకుంది.

ఒప్పుకోనిది ఒక్క మా ఆవిడ సత్యవతి. విజయనగరం మనిషి. కాపురానికి వచ్చిన కొత్తలోనే, ఎంతో ప్రేమగా కూర్చోబెట్టి ఆ పాట వినిపించాను.

“ఏటండీ ఇది, కుక్కరు కూసినట్టుంటేనూ?” అంది.

“రైలు కూత అది!”

“రైలేటి, నా మొహం! కందిపప్పు ఉడుకుతున్న కూత. నాకు తెలీదేటి?”

“నీకు అన్నీ వంటింటి పోలికలే” అన్నాను చాలా ఎత్తునుంచి. మా ఇంట్లో అప్పటిదాకా గంజి వార్చి వండటమే గాని కుక్కరు ఎరగం. ఎరగనివాడికి ఎత్తు ఎక్కువ.

ఇక అసలు సంగతి. ఎల్లయ్యగారికి ఎనభై నిండాయని అభిమానులందరం కలిసి సైనిక్‌పురి కమ్యూనిటీ హాల్లో సన్మానం పెట్టాం. ఆ సభలోనే ఇంకో ప్రకటన ఉంది. ఆయన ఐదు ఆల్బమ్‌ల మీద పుస్తకం వస్తుంది, అది ఎవరు రాయాలో ఎల్లయ్యగారే స్వయంగా చెబుతారు. బరిలో ఇద్దరం. ఒకణ్ణి నేను. ఇన్సూరెన్స్ ఆఫీసులో ఇతరుల ప్రమాదాలకి కాగితాలు రాసీ రాసీ, నా పేరున అట్ట ఉన్న ఒక్క పుస్తకం చూసుకోవాలని ముప్పై ఏళ్ళుగా కలలు కంటున్నవాణ్ణి. రెండోవారు ఆ కాలనీలోనే ఉండే రిటైర్డ్ కర్నల్‌గారు. ఆయన దగ్గర ఐదు ఆల్బమ్‌లూ నల్లటి ప్లేట్ల రూపంలో, గీత పడకుండా, సెల్యూట్ కొడుతున్నట్టు వరసగా నిలబడి ఉంటాయి. ఆయనకి రికార్డులున్నాయి. నాకు వ్యాసాల రికార్డుంది.

సభకి యాదగిరి వాళ్ళమ్మ నరసమ్మగారిని కూడా తీసుకొచ్చాడు. “ఎల్లయ్యసాబ్‌ను ఒక్కపారి జూస్తనన్నది సూరీ, జెర ముంగట కూసోవెట్టు” అన్నాడు. డిగ్రీ చదువుతున్నప్పుడు వారానికి రెండుసార్లు ఆవిడ చేతి పప్పు తిన్నవాణ్ణి. చేయి పట్టుకుని మొదటి వరసలో కూర్చోబెట్టాను. నా గొయ్యి పక్కన నేనే కుర్చీ వేశానన్నమాట.

ముందు కర్నల్‌గారు మాట్లాడారు. “ఆ పదకొండు సెకన్లలో ఏమీ లేదు. అదే దాని గొప్ప. అది మౌనం. సరిహద్దులో నేలకొరిగిన జవానుకి సాటి జవాను పాటించే మౌనం” అని, ప్లేటు పెట్టి సూది దించారు. పాట ఆగింది. చప్పుడు లేదు. ముందు వరసలో ఒక పెద్దాయన లేచి నిలబడ్డారు. ఆయన్ని చూసి పక్కవారు లేచారు. చివరికి హాలంతా లేచి పదకొండు సెకన్లు తలలు దించుకుంది. నేనూ లేచాను. లోపల మాత్రం కుతకుత ఉడికాను. ఏమీ లేకపోవడం ఏమిటండీ? నా ముప్పై ఏళ్ళ కూత ఏమైనట్టు?

నా వంతు వచ్చింది. ఆ పూట మైకు ముందు నిలబడ్డ నన్ను తలుచుకుంటే ఇప్పటికీ నాకు జాలేస్తుంది.

“కర్నల్‌గారి రికార్డంటే నాకు గౌరవం,” అన్నాను, “ఆర్మీ రికార్డంటే. ఆయన పాటల రికార్డంటే లేదు.” చప్పట్లు. చప్పట్లు వినిపిస్తే నేను ఆగను, పాత సైకిల్‌కి బ్రేకుల్లేనట్టే. “ఆయన దగ్గరున్నది పెద్దింటి చెవుల కోసం కత్తిరించిన ప్రతి! కూలీల కూతని కోసేసిన ప్రతి! జనం ప్రతి నా దగ్గరుంది!”

“మిస్టర్ సూర్యనారాయణ, ఎవరు కత్తిరించారంటారు?” అన్నారు కర్నల్‌గారు.

“అది మీరే ఆలోచించుకోండి సార్” అన్నాను. అంత మాట ఎందుకన్నానో దేవుడికి తెలియాలి. ఆయనకీ తెలిసి ఉండదు.

దుప్పట్లో చుట్టి తెచ్చిన టేప్‌రికార్డర్‌ని బల్ల మీద పెట్టి, మైకు దగ్గరగా జరిపి, మీట నొక్కాను. పాట ఆగింది. ‘సుయ్‌య్‌య్’. వెనకే ఆ గొంతు: ‘మూడైనయ్! ఇప్పుడన్న లేవనియ్యుండ్రి!’

నేను చెయ్యెత్తాను. “విన్నారా! ఎవరిదీ గొంతు? తరతరాలుగా కూర్చోబెట్టేసిన ఒక ఆడమనిషి గొంతు! నేను అడుగుతున్నాను, ఎవరు కూర్చోబెట్టారు ఈవిణ్ణి?”

“ఇగో, గీడే కూసోవెట్టిండు!” అంది మొదటి వరసలోంచి నరసమ్మగారు, పక్కనున్న యాదగిరి వీపు మీద ఒక్కటి చరిచి.

హాలు గొల్లుమంది. ఆవిడ మాత్రం నవ్వలేదు. ముప్పై ఏళ్ళుగా దాచుకున్న కోపంతో లేచి నిలబడింది.

“రెండు టేపులు తెచ్చి పెండ్లిచూపులోలె ఎదురెదురుంగ వెట్టిండు. ఒకదాంట్ల పాట, ఇంకోదాంట్ల రికార్డు. ఫ్యాన్ బంద్, తలుపులు బంద్. ‘అమ్మా, కదలకు, గాలి సుత మెల్లగ పీల్చు’ అన్నడు. పొయ్యి మీద పప్పున్నది. ఒకటయింది, రెండయింది, మూడయింది. లేవనియ్యడే! కన్నకొడుకును ‘లేవనియ్యుండ్రి’ అని బతిలాడిన! పప్పంత మాడె. గా పూట ఈళ్ళ నాయిన తినకుంటనే లేశి పాయె!”

యాదగిరి తల గోక్కున్నాడు. “కామెర్లొచ్చి పండినవ్, ఏదో పాటయితె చాలనుకున్న సూరీ. నువ్వు గింత పరేషాన్ అయితవని నాకేం ఎరుక? నువ్వు రాసినయి నేనేడ సదివిన?” నిజమే. వాడు నా రాతలు చదవడు. మా స్నేహం ఇన్నాళ్ళు నిలిచింది అందుకే.

తెలివైనవాడైతే అక్కడ కూర్చునేవాడు. నేను వాదించాను.

“అమ్మా, మీరు పొరబడుతున్నారేమో...”

“నా గొంతు నాకెరుక లేదా కొడుకా?”

“గొంతులు ఒకేలా ఉంటాయి కదమ్మా.”

“పప్పు సుత ఒక్కతీర్గనే మాడుతదా?”

నిజం నిప్పులాంటిదంటారు. కాదు, పప్పులాంటిది. మాడితే వాసన దాగదు. చివరి ఆశగా ఎల్లయ్యగారి వైపు తిరిగాను. “మీరైనా చెప్పండి గురువుగారూ! ఆ పదకొండు సెకన్లు ఎందుకు వదిలారు? ఏ ఉద్దేశంతో?”

అప్పటిదాకా కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్న ఎల్లయ్యగారు మైకు అందుకున్నారు.

“ఉద్దేశమేంది తమ్మీ? డప్పు కొట్టే పోశన్న చాయ్ తాగనీకి పోయిండు. ఒక్కపారే పాడాలె, మళ్ళ టైం లేదన్నరు స్టూడియోవోళ్ళు. ఇగ వాడొచ్చేదాంక నేను ఊకున్న.”

కర్నల్‌గారి మొహం చూడాల్సింది! ఇందాక లేచి తలలు దించుకున్న జనం ఒకరినొకరు చూసుకున్నారు. మనమంతా పోశన్న చాయ్‌కి మౌనం పాటించామన్నమాట. ఆ రోజు మొత్తానికి నాకు దక్కిన సంతోషం అదొక్కటే, అదీ పదకొండు సెకన్లు.

“గని అమ్మా,” అన్నారు ఎల్లయ్యగారు నరసమ్మగారితో, “ఆ జాగల నీ మాట మంచిగ కూసున్నది. జెర మళ్ళొక్కపారి అంటవా?” గిటారు తీసి పాట అందుకున్నారు. ఆగవలసిన చోట ఆగారు. ఆవిడ కొంగు సర్దుకుని, అదే కోపంతో, అదే మాట అంది. పైకప్పు లేచిపోయింది.

పుస్తకం మాత్రం నాకు రాలేదు. “నీ చెవి మంచిదే తమ్మీ, నీ టేపే మంచిది గాదు. అసలు రికార్డులున్న సారు రాస్తడు” అన్నారు.

ఇంటికొచ్చి సంగతంతా చెప్పాను. సత్యవతి అంతా వింది. అన్నం వడ్డించి, నెయ్యి వేసి, అప్పుడంది.

“కందిపప్పని కూడా అన్నాను.”

ఇంతవరకూ నా తప్పు. ఇకమీదటిది లోకం తప్పు, దయచేసి గమనించండి. ఎల్లయ్యగారు ఆ పాటని మళ్ళీ రికార్డు చేశారు. ఆ పదకొండు సెకన్లలో నిజం కుక్కరు, నిజం నరసమ్మగారు. కుర్రకారు వెర్రెత్తిపోయింది. పెళ్ళి బరాత్‌లలో పాట ఆపి ‘మూడైనయ్’ అని అరవడం షురూ చేశారు. మూడో ఆల్బమ్ మళ్ళీ బతికింది. మొన్నీమధ్య కర్నల్‌గారి పుస్తకం కూడా వచ్చింది. అందులో ‘వంటింటి కూత’ అని పద్నాలుగు పేజీల అధ్యాయం. ఆ కూత వలసబతుకుల రైలు కూతట! ‘మూడైనయ్’ అంటే మూడు తరాలట! ‘లేవనియ్యుండ్రి’ అంటే జనం లేస్తున్నారట! జవాను మౌనం సంగతి ఎక్కడా లేదు. అది విధి నిర్వహణలో నేలకొరిగినట్టుంది. ఇంతకీ నేను అందులో ఉన్నాను. అడుగున, చీమతలకాయంత అక్షరాల్లో: ‘బోయిగూడకు చెందిన ఒక అభిమాని పొరపాటువల్ల ఈ సంగతి వెలుగులోకి వచ్చింది.’ చూశారా అన్యాయం? నేనంటే పొరపాటు, ఆయనంటే పరిశోధన!

అందుకని కందిపప్పు సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఏ పాటలో ఏ చప్పుడు విన్నా, దానికి అర్థం చెప్పేముందు వంటింట్లోకి వెళ్ళి చూసివస్తాను.

ప్రతిజ్ఞ అయితే చేశాను గాని, ఊరుకోలేదు. పుస్తకం ఆవిష్కరణ రోజు కర్నల్‌గారు బల్ల ముందు కూర్చుని సంతకాలు పెడుతున్నారు. పొడుగాటి వరస. నేనూ ఓపిగ్గా నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి ఆయన చెయ్యి చాచి, “ఏ పేరున రాయమంటారు?” అన్నారు చల్లగా.

“ఒక్క నిమిషం పెన్ను ఇస్తారా సార్?” అన్నాను.

ఇచ్చారు. ఆ పెన్నూ పుస్తకమూ పట్టుకుని తిన్నగా, యాదగిరి తీసుకొచ్చి మూల కుర్చీలో కూర్చోబెట్టిన నరసమ్మగారి దగ్గరికి వెళ్ళి, పద్నాలుగు పేజీల అధ్యాయం తెరిచి, “ఇక్కడ మీ సంతకం చెయ్యండమ్మా” అన్నాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, నాలుక కొస బయటపెట్టి, ఒక్కో అక్షరం మొక్క నాటినట్టు నాటింది. నా వెనకవాళ్ళు చూశారు. వాళ్ళ వెనకవాళ్ళు చూశారు. వరసకి వరస అటు తిరిగింది.

ఆ పెన్ను కర్నల్‌గారికి తిరిగి చేరేసరికి భోజనాలు కూడా అయిపోయాయి.