గీతను తాకిన వేలు

కోరుట్లలో బడిపిల్లల కబడ్డీ పోటీలకు నేను అంపైర్‌గా ఉండేవాణ్ణి. ఒకసారి కూతకెళ్ళిన అమ్మాయిని అవతలి జట్టు పట్టేసింది. చేయి మధ్యగీతకు అందలేదనుకుని ఔట్ ఇచ్చాను. ఆ పిల్ల ఏడుస్తూ బయటికి నడిచింది.

వాళ్ళమ్మ ఫోన్ పట్టుకుని భయపడుతూ నా దగ్గరికొచ్చింది.

"సారూ, కోపం జెయ్యకుండ్రి. మా ఆయన దుబాయిల ఉన్నడు. కంపెనీ మూతవడ్డది, పని లేక రూముల్నే ఉంటున్నడు. బిడ్డ ఆట సూస్తెనన్న మనసు నిమ్మలమైతదని వీడియో తీసిన. జర గిది సూడుండ్రి."

మెల్లగా నడిపించి చూశాను. నేను విజిల్ ఊదకముందే అమ్మాయి వేలు గీతను తాకింది. మా పోటీల్లో వీడియో చూసే పద్ధతి లేదు. అయినా అవతలి జట్టు టీచరుకు కూడా చూపించాను. ఆయన చూసి, "తాకింది సార్, ఇచ్చెయ్యుండ్రి" అన్నాడు. తప్పు నాదేనని అందరికీ వినబడేలా చెప్పి పాయింట్లు ఇచ్చాను.

ఆట చివరికి ఆ అమ్మాయి జట్టే ఓడిపోయింది. మర్నాడు ఆ తల్లి నేను పనిచేసే బడికొచ్చి, "మా ఆయన మీకు దండం వెట్టిన అని చెప్పమన్నడు సారూ" అంది.

నేనే లేచి ఆమెకు దండం పెట్టాను. ఒక పిల్లకు అన్యాయం చేసి, ఆ సంగతే తెలియకుండా బతకాల్సిన నన్ను కాపాడింది ఆమే.