తెల్ల కొండచిలువ ఫొటో

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సులో నా పక్కన కోసిగి రైతు ఒకాయన కూర్చున్నాడు. ఆయన ఒళ్లో ఐదేళ్ల కూతురు పడుకుని ఉంది. అంత ఎండలోనూ ముఖం నిండా తువ్వాలు కప్పాడు. ఊపిరి ఆడుతోందో లేదో కూడా తెలియడం లేదు.

నా ఫోన్‌లో తెల్ల కొండచిలువను చూసి ఆయన బిగుసుకుపోయాడు.

"ఇది ఎట్ల పుట్టిందన్నా?"

పాముల పెంపకం గురించి ఎవరైనా అడిగితే నా నోరు ఆగదు. కొన్ని రంగులు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా పైకి తేలతాయి, కొన్నిసార్లు ఇద్దరి రంగులూ కలిసి కనిపిస్తాయి అన్నాను. ఈ తెలుపు మాత్రం ఇద్దరిలోనూ దాగి ఉంటేనే పిల్లలో బయటపడుతుంది. అందుకే ఒకే తల్లి పిల్లల్ని జతకట్టిస్తారని చెప్పాను.

"మగదాంట్లో గూడా దాసుకోని ఉంటాదా?"

"ఉండాల్సిందే."

ఆయన కూతురి ముఖం మీది తువ్వాలు సర్దాడు.

"నేను మా అక్క కూతుర్నే సేసుకున్నా. కడుపుతో ఉండి సేన్లో పామును సంపినావు, అందుకే బిడ్డ ఇట్ల పుట్టిందని ఆమెను పుట్టింటికి తోలేస్తి."

బస్సు కుదుపుకు తువ్వాలు జారింది. పాప కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లగా ఉన్నాయి. కళ్లు చికిలించి, ఫొటోలోని పామును వేలితో తాకింది.

"నాయనా, దీన్ని గూడా వాళ్లమ్మ కాడికి పోనీరా?"