వేయించి పంపిన జీలుగ

మా పెద్దమ్మ పోయిందన్న కబురు పెడన బడిలో నేను పిల్లలకు ఎక్కాలు చెప్పిస్తుండగా వచ్చింది. కృత్తివెన్ను అవతల సముద్రం వారనున్న ఆవిడ ఊరి నుంచి ఒకాయన సైకిలు తొక్కుకుంటూ వచ్చి చెప్పాడు. నేను మొదట అడిగింది, మావయ్య వచ్చాడా అని. వచ్చాడన్నాడు. ఏడుపు కన్నా ముందు నాకు కోపం వచ్చింది. చదివేవాళ్ళు తప్పు పట్టుకుంటే పట్టుకోండి, ఆ కోపం లేకుండా ఆవిడను తలుచుకోవటం నాకు చేతకాదు.

మావయ్య అంటే ఆవిడ సొంత అన్న. తాతయ్య కూతురికి పసుపుకుంకుమ కింద మూడెకరాలిచ్చాడు. పెదనాన్న త్వరగా పోయాడు, పిల్లల్లేరు. వ్యవసాయమంతా ఆవిడే చూసుకునేది. కాలవ నీళ్ళు బోదెలో, అంటే పిల్లకాలవలో, మావయ్య పొలం దాటి ఆఖరున ఆవిడ చేనుకు రావాలి. ఆ తర్వాత రెండు చేలనూ చుట్టి పోయే మురుగుకాలవ, అది దాటితే సముద్రమే. ఆడపిల్లకు భూమి ఇచ్చారని మావయ్యకు మొదటినుంచీ కడుపుమంట.

ఒక ఏడు ఊడ్పులయ్యాక వానలు ముఖం చాటేశాయి. మావయ్య బోదెకు అడ్డుకట్ట వేసుకున్నాడు. పెద్దమ్మ వెళ్ళి అడిగితే, రేపు పొద్దున్న వదులుతాను, గండి తీసి ఉంచుకోమన్నాడు. చెప్పినట్టే నీళ్ళొచ్చాయి. ఆవిడ చేనంతా పెట్టుకుంది. అవి కాలవ నీళ్ళు కావు. సముద్రం పోటు మీదున్నప్పుడు మురుగుకాలవలోకి ఎగదన్నిన ఉప్పునీళ్ళను ఆయన తన చేను దగ్గర గట్టు కొట్టి బోదెలోకి మళ్ళించాడు. మా సముద్రం వార రైతులెవరూ కొత్త నీటిని నాలిక మీద వేసుకుని చూడకుండా చేలోకి తియ్యరు. ఆ ఒక్క రోజు ఆవిడ చూడలేదు. వారం తిరక్కుండా పైరు ఎర్రబడి మాడిపోయింది.

“అన్న పంపిన నీళ్ళు నోట్లో పోసుకుని చూడటమేంట్రా అనుకున్నాను” అంది నాతో.

పెద్దమ్మ అర్జీ పెడితే విచారణకొచ్చిన కాలవల ఓవర్సీరు మావయ్య అరుగు మీదే కూర్చుని, చివరి చేనుకు నీళ్ళు అందుతున్నాయని రాసుకున్నాడు. పెద్దమ్మ ఆయన్ని మర్యాదగా ఇంటికి పిలిచి మజ్జిగ ఇచ్చింది. ఎండనబడి వచ్చిన మనిషి, రెండు గుక్కలు గటగటా తాగి, ఉప్పు ఎక్కువైందమ్మా అన్నాడు.

“ఉప్పు వెయ్యలేదండీ. నాకు అందినట్టు మీరు రాశారే, ఆ నీళ్ళతోనే కలిపాను” అంది.

మర్నాడే ఆయన దగ్గరుండి అడ్డుకట్ట తవ్వించాడు. ఊరు ఊరంతా చాలా రోజులు ఆ మజ్జిగ సంగతే చెప్పుకున్నారు.

మంచినీళ్ళు వచ్చినా చేను చౌడు తేలిపోయింది. ఆ భూమి తనకు వదిలెయ్యమని మావయ్య పెద్దమనుషుల్ని పంపేవాడు. ఆవిడ వాళ్ళకు భోజనం పెట్టేది, చేను మాట మాత్రం ఎత్తనిచ్చేది కాదు. బందరు నుంచి వచ్చిన వ్యవసాయశాఖ ఉద్యోగి ఒకాయన, చౌడుకు జీలుగ చల్లి పూత రాకముందే దున్నెయ్యమన్నాడు. కోసుకోని పైరు వెయ్యటమేమిటని ఊళ్ళోవాళ్ళు నవ్వారు. ఆవిడ మూడేళ్ళు ఆ పనే చేసింది. సెలవులకు వెళ్తే నా చేత మడిలో మట్టి నాకించి, “ఏరా పంతులూ, తగ్గిందా?” అనేది. పుస్తకాల్లో చదవని చదువు ఆవిడ నాకు అలా చెప్పింది. నాలుగో ఏట వరి పండింది.

తర్వాత తుఫానొచ్చి, సముద్రపు నీళ్ళు నిలిచి ఆవిడ చేనుతోపాటు మావయ్య చేనూ చౌడైంది. ఆవిడ మళ్ళీ జీలుగ చల్లుకుంది. గట్ల మీద విత్తనానికని వదిలి దాచిన జీలుగ గింజలు ఊళ్ళో పెద్దమ్మ దగ్గరే ఉన్నాయి. కాస్త ఇవ్వమని మావయ్య కబురు పెట్టాడు. ఆ రోజు నేను వంటింట్లోనే ఉన్నాను. ఆవిడ పొయ్యి మీద మూకుడు పెట్టి, గింజలు మాడకుండా, రంగు మారకుండా, సన్నసెగ మీద కొంచెం కొంచెంగా వేయించింది. చల్లారాక సంచికెత్తి పంపింది.

“చెల్లెలు పంపింది గదా, నానబెట్టి చూసుకోడులే” అంది.

చూసుకోలేదు. ఒక్క మొక్క మొలవలేదు, అదనూ దాటిపోయింది. ఇది తప్పు కాదా అని నేను ఆవిడను అడగలేదు. నాకు సంతోషం వేసింది, ఇప్పటికీ వేస్తుంది. ఆయన మళ్ళీ జీలుగ మాటెత్తలేదు, ఆ చేను బాగుపడలేదు.

పోయిందన్న కబురందుకుని నేను వెళ్ళేసరికి ఆఖరి స్నానం చేయిస్తున్నారు. మా వైపు పుట్టింటివాళ్ళు తలా ఒక చెంబు నీళ్ళు పోస్తారు. మావయ్య చెంబుతో ముందుకొచ్చాడు. నడుం వంగిపోయి బాగా ముసలివాడయ్యాడు. నేను అడ్డంగా నిలబడ్డాను.

“తోడబుట్టిందిరా. ఒక్క చెంబుడు నీళ్ళు పొయ్యనీ.”

“ఊడ్పులయ్యాక పొయ్యాల్సింది మావయ్యా. ఇప్పుడు అక్కర్లేదు.”

ఎవరూ నన్ను వారించలేదు. ఆవిడ కోరినట్టే ఆ మూడెకరాల గట్టు మీద చితి పేర్చాం. కొరివి పెట్టినవాడు వెనక్కి తిరిగి చూడకూడదంటారు. నేను చూశాను. మావయ్య తన చేలో, తెల్లటి చౌడు మధ్య, ఆ చెంబు రెండు చేతులతో పట్టుకుని, నీళ్ళు ఎక్కడ పొయ్యాలో తెలియక నిలబడి ఉన్నాడు.